కూలర్ కంటే ముందు గేజ్

డీజిల్ స్విఫ్ట్‌కి రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ లెక్కలు మార్చి పవర్ పెంచడం) చేయించుకున్న కుర్రాడు కాశీబుగ్గలో మెకానిక్ షెడ్డుకి వచ్చి అడిగే తర్వాతి ప్రశ్న దాదాపు ఒకటే: "అన్నా, ఇంక ఆయిల్ కూలర్ కూడా పెట్టించెయ్యాలా?" ప్రశ్న మంచిదే. పికప్ పెరిగితే ఇంజిన్‌లో వేడి పెరుగుతుందని, వేడి పెరిగితే ఆయిల్ దెబ్బతింటుందని అతను ఆలోచించాడు. జవాబు మాత్రం బండి ఎంత పవర్ ఇవ్వగలదన్నదాని మీద తక్కువ, ఆ పవర్‌ని ఎంతసేపు, ఏ రోడ్డు మీద, ఎంత గాలి తగులుతుండగా వాడుతున్నారన్నదాని మీద ఎక్కువ ఆధారపడి ఉంటుంది. పలాస, టెక్కలి, ఉద్దానం మధ్య తిరిగే బండ్లలో ఎక్కువ భాగానికి విడిగా ఆయిల్ కూలర్ అక్కర్లేదన్నది నా అభిప్రాయం. కొన్నిటికి మాత్రం కచ్చితంగా కావాలి. మీ బండి ఏ వైపు ఉందో తెలియాలంటే కూలర్‌కి డబ్బు పెట్టేముందు ఆయిల్ ఉష్ణోగ్రత చూపించే గేజ్‌కి పెట్టాలి.

ముందు ఆయిల్ సంగతి చూద్దాం. లోహం మీద లోహం రాసుకోకుండా చూడటం దాని మొదటి పని. రెండో పని వేడిని మోయడం. పిస్టన్ అడుగు భాగం, క్రాంక్ షెల్ బేరింగులు, టర్బో షాఫ్ట్ లాంటి చోట్లకి కూలెంట్ నీళ్లు నేరుగా అందవు, లేదా అరకొరగా అందుతాయి. అక్కడి వేడిని మోసుకొచ్చి కింద ఛాంబర్‌లో దించేది ఆయిలే. అలా తిరిగొచ్చే ఆయిల్ చిన్న కార్లలో మూడు నాలుగు లీటర్లకి మించదు. కాబట్టి ఆయిల్ వేడెక్కడమన్నది రోగ లక్షణం అనుకోనక్కర్లేదు. 90 నుంచి 110 డిగ్రీల మధ్య అది హాయిగా పని చేస్తుంది. 120 దాకా వెళ్లి కాసేపుండి దిగినా మంచి సింథటిక్ ఆయిల్‌కి ఏమీ కాదు. 130 దగ్గర నిలకడగా ఉంటే ఆలోచించాలి. 150 వైపు పోతుంటే కాలు తీసెయ్యాలి.

ఈ అంకెల వెనక రెండు కారణాలున్నాయి. మొదటిది ఆయిల్ పలచబడటం. 30 గ్రేడ్ ఆయిల్ చిక్కదనం 100 డిగ్రీల దగ్గర 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ మధ్య ఉండాలి. 40 గ్రేడ్‌ది 12.5 నుంచి మొదలవుతుంది. 100 దగ్గర 11 ఉన్న ఆయిల్ 130కి చేరేసరికి దాదాపు సగానికి పలచబడుతుంది. బేరింగులో ఆయిల్ పొర పలచబడితే అక్కడ రాపిడికి ఆస్కారం పెరుగుతుంది. అందుకే ఆయిల్ ప్రమాణాల్లో 150 డిగ్రీల దగ్గర, పొరలు ఒకదాని మీద ఒకటి వేగంగా జారుతున్నప్పుడు చిక్కదనం ఎంత మిగులుతుందో విడిగా కొలుస్తారు. యూరప్ ఏసీఈఏ ప్రమాణంలో ఏ3/బీ4, సీ3 తరగతులకు ఆ కొలత 3.5 మిల్లీపాస్కల్ సెకన్లకి తగ్గకూడదు. రెండో కారణం, ఆయిల్ ముదిరిపోవడం. వేడి బాగా ఎక్కువైన దగ్గర్నుంచి ప్రతి పది డిగ్రీలకు ఆక్సిజన్‌తో కలిసి పాడయ్యే వేగం దాదాపు రెట్టింపవుతుంది. పదివేల కిలోమీటర్లకి మార్చాల్సిన ఆయిల్ ఐదువేలకే నల్లబడి జిగురవుతుంది.

ఇప్పుడు పవర్ లెక్కకొద్దాం. అసలు అపోహ ఇక్కడే ఉంది. 75 హార్స్‌పవర్ ఇంజిన్‌ని రీమ్యాప్‌తో 95కి తెచ్చారనుకుందాం. ఆ 95 ఎప్పుడు బయటికొస్తుంది? యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, ఇంజిన్ దానికి తగ్గ వేగంలో ఉన్న ఆ కొద్ది సెకన్లే. జాతీయ రహదారి 16 మీద పలాస నుంచి ఇచ్ఛాపురం వైపు నలుగురితో, ఏసీ వేసుకుని, నిలకడగా గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతున్న చిన్న కారుకి గాలిని చీల్చడానికి, టైర్లు దొర్లడానికి, ఏసీ కంప్రెసర్‌కి కలిపి కావాల్సింది 20 నుంచి 25 హార్స్‌పవర్. రీమ్యాప్‌కి ముందు అంతే, తర్వాతా అంతే. ఇంజిన్‌కి సత్తా పెరిగినంత మాత్రాన రోడ్డు అడిగే పవర్ పెరగదు. నాలుగు లైన్ల జాతీయ రహదారుల మీద కార్లకి 2018లో కేంద్రం పెట్టిన గరిష్ఠ వేగం 100. ఆ హద్దులో ఉన్నంతకాలం ఆయిల్‌లోకి వెళ్లే వేడి రీమ్యాప్ వల్ల చెప్పుకోదగ్గంత మారదు. 130కి తీసుకెళ్తే మాత్రం కావాల్సిన పవర్ 40 దాకా పెరుగుతుంది. గాలి అడ్డు వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి వేడి కూడా ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఆవులు, ట్రాక్టర్లు, రాంగ్ రూట్‌లో వచ్చే బైకులు ఉన్న మన రోడ్డు మీద ఆ వేగానికి కూలర్ కొనడం కంటే వేగం తగ్గించుకోవడమే నేను చెప్పే సలహా.

టర్నింగ్ తర్వాత ఒకసారి, లారీని దాటేటప్పుడు ఒకసారి గట్టిగా తొక్కితే ఏమవుతుందంటారా? ఆయిల్ నెమ్మదిగా వేడెక్కుతుంది. కూలెంట్ ఐదారు నిమిషాల్లో తన స్థాయికి చేరితే ఆయిల్‌కి పావుగంటో, ఇరవై నిమిషాలో పడుతుంది. పది సెకన్ల ఓవర్‌టేక్‌కి అది రెండు డిగ్రీలు కూడా కదలకపోవచ్చు. ఆయిల్‌కి తెలిసేది సగటు. పది పదిహేను నిమిషాల పాటు మీరు సగటున ఎంత పవర్ వాడారన్నదే దాని ఉష్ణోగ్రతను తేలుస్తుంది.

చాలామంది గమనించని సంగతి ఇంకొకటుంది. మీ బండికి ఇప్పటికే ఒక ఆయిల్ కూలర్ ఉండి ఉండవచ్చు. డీజిల్ స్విఫ్ట్‌లో వచ్చిన ఫియట్ 1.3 మల్టీజెట్ ఇంజిన్‌లో ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్‌కి అంటుకునే చిన్న హీట్ ఎక్స్‌ఛేంజర్ ఉంటుంది. ఒక పొరలో ఆయిల్, పక్క పొరలో కూలెంట్ పారుతూ వేడిని ఇచ్చిపుచ్చుకుంటాయి. చాలా టర్బో ఇంజిన్లలో ఇలాంటిదే ఉంటుంది. ముందు బంపర్ వెనక రెక్కలతో కనిపించదు కాబట్టి అది ఉందన్న సంగతే తెలియదు. దాని గొప్పతనమేంటంటే, చల్లగా స్టార్ట్ చేసినప్పుడు ముందుగా వేడెక్కే కూలెంట్ ఆయిల్‌ని వేడి చేస్తుంది. ఆయిల్ మరీ వేడెక్కినప్పుడు అదే కూలెంట్ దాన్ని చల్లార్చి రేడియేటర్‌కి అప్పజెప్తుంది. కూలెంట్ 90 దగ్గరుంటే ఆయిల్ 100, 110 చుట్టుపక్కల స్థిరపడుతుంది. అందుకే ఆయిల్ వేడి సమస్య వచ్చినప్పుడు మొదట అనుమానించాల్సింది కూలెంట్‌ని, రేడియేటర్‌ని.

పల్సర్ 220కి కంపెనీ వాళ్లే ఆయిల్ కూలర్ పెట్టారు కదా, రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్‌కి 2016లో వచ్చినప్పుడే ఉంది కదా అని అడిగేవాళ్లుంటారు. ఆ ఇంజిన్లలో కూలెంట్ నీళ్లు లేవు. తగిలే గాలి, తిరిగే ఆయిల్, ఈ రెండే వేడిని తీసుకుపోవాలి. అక్కడ ఆయిల్ కూలర్ రేడియేటర్ చేసే పనిలో కొంత మోస్తోంది. వాటర్ కూలింగ్ ఉన్న కారుని దాంతో పోల్చి నిర్ణయం తీసుకోకూడదు.

అక్కర్లేకపోయినా పెట్టేస్తే నష్టమేముంది, డబ్బే కదా పోయేది అనుకోవడం అన్నిటికన్నా ప్రమాదకరమైన ఆలోచన. ఇంజిన్‌లో పెట్రోలు, డీజిలు మండినప్పుడు నీటి ఆవిరి పుడుతుంది. అందులో కొంత పిస్టన్ రింగుల పక్కనుంచి జారి ఆయిల్‌లోకి చేరుతుంది. కాస్త ఇంధనం కూడా దిగుతుంది. ఆయిల్ 90, 100 డిగ్రీలకి చేరి కాసేపు అక్కడ ఉంటేనే ఆ తేమ ఆవిరై బ్రీదర్ గుండా బయటికి పోతుంది. ఇప్పుడు మన తిరుగుడు ఎలా ఉంటుందో చూడండి. కాశీబుగ్గ బస్టాండు నుంచి పలాస స్టేషన్‌కి, అక్కణ్నుంచి జీడి పిక్కల ఫ్యాక్టరీకి, మళ్లీ ఇంటికి. ఒక్కో విడతలో రెండు మూడు కిలోమీటర్లు. ఆ దూరంలో ఆయిల్ 60 డిగ్రీలు దాటడమే కష్టం. దానికి థర్మోస్టాట్ లేని గాలి కూలర్ తగిలిస్తే డిసెంబరు, జనవరి నెలల్లో అది ఎప్పటికీ వేడెక్కదు. ఆయిల్ పోసే మూత తెరిచి చూస్తే లోపల పాల మీగడలా తెల్లటి జిగురు కనిపిస్తుంది. అది తేమ కలిసిన ఆయిల్. దానికితోడు చల్లటి చిక్కటి ఆయిల్‌ని కూలర్, పైపుల గుండా తోయడానికి పంపు ఎక్కువ కష్టపడాలి. స్టార్ట్ చేసిన వెంటనే పైనున్న క్యామ్ షాఫ్ట్‌కి ఆయిల్ అందడం ఆలస్యమవుతుంది.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్లలో ఈ ఇబ్బంది మరో రూపంలో ఉంది. వాటి సైలెన్సర్‌లో డీపీఎఫ్ అనే మసి వడపోత ఉంటుంది. అందులో పేరుకున్న మసిని కాల్చడానికి ఇంజిన్ అదనంగా డీజిల్ చిమ్ముతుంది. పల్లె రోడ్ల మీద చిన్న దూరాలే తిరిగితే ఆ కాల్చే పని సగంలో ఆగిపోయి, కొంత డీజిల్ ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ మట్టం పెరిగినట్టుంటుంది. ఆ బండికి కావాల్సింది ఆయిల్ తొందరగా మార్చడం, వారానికోసారి హైవే మీద అరగంట ఆగకుండా నడపడం. కూలర్ పెడితే దాని కష్టం రెట్టింపవుతుంది.

మరి ఎవరికి కావాలి? మన ప్రాంతంలోనే వెతుకుదాం. పర్లాకిమిడి వైపు నుంచి మహేంద్రగిరి ఘాటు ఎక్కే బండిని తీసుకోండి. ఆ కొండ ఎత్తు 1501 మీటర్లు. వందకి పది మీటర్ల చొప్పున లేచే ఎక్కుడులో, నలుగురితో, గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే చిన్న కారుకి కావాల్సిన పవర్ చదును రోడ్డు మీద 100 వేగానికి కావాల్సినదానికి ఇంచుమించు సమానం. ఇంజిన్‌లో పుట్టే వేడి అంతే. ముందునుంచి తగిలే గాలి మాత్రం సగం కూడా లేదు. ఆ ఎక్కుడు ఐదు నిమిషాల్లో అయిపోతే పర్వాలేదు. అరగంట సాగి, రీమ్యాప్ ఇచ్చిన పికప్‌తో 60లో ఎక్కేస్తుంటే అప్పుడు ఆ అదనపు పవర్ నిజంగానే నిలకడగా వాడుకలోకి వచ్చినట్టు. ఉద్దానం ఇసుక దారులు రెండో ఉదాహరణ. కొబ్బరి తోటల్లోంచి తీరానికి పోయే మెత్తటి ఇసుకలో బండి ఫస్ట్ గేర్‌లో గింజుకుంటూ పోతుంది. ఇంజిన్ మూడువేల చుట్లు తిరుగుతుంటే బండి మాత్రం నెమ్మదిగానే కదులుతుంది. కొబ్బరికాయలు, పనసకాయలు నింపుకుని రోజూ అలా పోయే పికప్‌కి, పైగా దానికి మ్యాప్ వేయించి ఉంటే, ఆయిల్ వేడి మీద కన్నేసి ఉంచాలి.

మూడోది ట్రాక్. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని చెన్నై ట్రాక్‌లోనో, కోయంబత్తూరు దగ్గర కరి స్పీడ్‌వేలోనో ట్రాక్ డేకి బండి తీసుకెళ్లేవాళ్లు ఉత్తరాంధ్రలో కొద్దిమందే అయినా ఉన్నారు. అక్కడ పావుగంట పాటు కాలు పూర్తిగా తొక్కడం, బ్రేక్ వెయ్యడం, మళ్లీ తొక్కడం తప్ప వేరే పని ఉండదు. రీమ్యాప్ చేసిన టర్బో బండికి అక్కడ ఆయిల్ కూలర్ విలాసం కాదు. సొంత టర్బో తీసేసి పెద్దది బిగించిన ఇంజిన్‌కి కూడా ఇదే మాట. అల్లాయ్ వీల్స్, మ్యూజిక్ సిస్టమ్, సైలెన్సర్ మార్పులకు ఆయిల్ వేడితో సంబంధం లేదు.

ఇక కొలత. ఇక్కడ తొందరపడితే అంతా వృథా. డ్యాష్‌బోర్డు మీదుండే టెంపరేచర్ ముల్లు కూలెంట్‌ది. అది మధ్యలో కదలకుండా నిలబడేలా కంపెనీలు సర్దుతాయి కాబట్టి దాన్ని చూసి ఆయిల్ సంగతి చెప్పలేం. ఓబీడీ పోర్టుకి చిన్న పరికరం తగిలించి ఫోన్‌లో చూడవచ్చు గానీ, చాలా బండ్లు ఆయిల్ ఉష్ణోగ్రతను అసలు ఇవ్వవు. కొన్ని కొలవకుండా లెక్కగట్టిన అంకె చూపిస్తాయి. నమ్మకమైన దారి, విడిగా సెన్సర్ బిగించడం. డ్రెయిన్ బోల్టు స్థానంలో బిగిస్తే ఛాంబర్‌లో ఆయిల్ ఎంత వేడిగా ఉందో తెలుస్తుంది; ఎత్తుపల్లాల రోడ్డు మీద రాయి తగలకుండా చూసుకోవాలి. ఆయిల్ ఫిల్టర్‌కీ ఇంజిన్‌కీ మధ్య సాండ్‌విచ్ ప్లేట్ పెట్టి బిగిస్తే బేరింగులకి వెళ్లే ఆయిల్ వేడి తెలుస్తుంది. రెండూ ఒకే అంకె చూపించవు, కాబట్టి ఎక్కడ బిగించారో రాసిపెట్టుకోండి. అదే ప్లేట్‌కి ప్రెషర్ సెన్సర్ కూడా పెట్టించండి. ఆయిల్ పలచబడిందో లేదో అది నేరుగా చెప్తుంది. ప్రతి వెయ్యి చుట్లకు సుమారు 10 పీఎస్‌ఐ ఉండాలన్నది పాత మెకానిక్కుల కొలమానం. కొత్త ఇంజిన్లలో పంపే ప్రెషర్‌ని మార్చుకుంటూ ఉంటుంది కాబట్టి, మీ బండి మామూలు వేడిలో ఎంత చూపిస్తుందో ముందుగా చూసిపెట్టుకుని దాంతో పోల్చుకోవడం మేలు.

తర్వాత ఎండాకాలం దాకా ఆగండి. కూలర్ అయినా రేడియేటర్ అయినా పని చేసేది ఆయిల్ వేడికీ బయటి గాలికీ ఉన్న తేడా మీద. ఆయిల్ 120, బయట 20 అయితే తేడా వంద. మే మధ్యాహ్నం బయట 38 ఉంటే తేడా 82. డిసెంబరులో బాగున్న బండి మేలో ఐదో వంతు చల్లదనం పోగొట్టుకుంటుందన్నమాట. తీరం ఉక్కపోత గురించి మాత్రం బెంగక్కర్లేదు. చెమట ఆరక మనం ఇబ్బంది పడతాం గానీ, లోహపు రెక్కలకి గాలిలో తేమతో పెద్దగా పనిలేదు. ఏసీకి మాత్రం ఆ తేమ భారమే, దాని కండెన్సర్ రేడియేటర్ ముందే ఉండి వేడిగాలిని వెనక్కి పంపుతుంది. అందుకే పరీక్ష ఏసీ వేసే చెయ్యాలి. నలుగురిని ఎక్కించుకుని, మధ్యాహ్నం రెండింటికి, పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా నిలకడగా 100లో వెళ్లండి. పక్క సీటులో కూర్చున్నవాళ్లు ఐదు నిమిషాలకోసారి అంకె రాసుకోవాలి. మీరు ఘాట్లకి వెళ్లేవాళ్లయితే ఘాటులోనూ ఇలాగే చెయ్యండి. చూడాల్సింది ఒక్క క్షణం తాకిన గరిష్ఠాన్ని కాదు, ఎక్కడ నిలబడిందన్నది. 110 లోపు నిలబడితే కూలర్ ఆలోచన మానెయ్యండి. 110 నుంచి 125 మధ్య ఉంటే ముందు చిన్న పనులు చూడాలి. 130 దాటి ఇంకా ఎక్కుతూనే ఉంటే, పైగా వేడిలో ప్రెషర్ పడిపోతుంటే, అప్పుడు కూలర్ మాట ఎత్తాలి.

ఆ చిన్న పనుల్లో కొన్నిటికి ఖర్చే లేదు. ఆయిల్ మట్టం ఫుల్ గీత దగ్గర ఉందా? కనిష్ఠ గీత దగ్గర లీటరు తక్కువతో తిరుగుతుంటే ఉన్న ఆయిలే అన్నిసార్లు తిరిగి వేడెక్కుతుంది. ఇంజిన్ కింద ప్లాస్టిక్ కవర్ ఊడిపోయి ఉంటే కొందరు గాలి బాగా తగులుతుందని వదిలేస్తారు. చాలా బండ్లలో అది గాలిని రేడియేటర్ గుండా లాగడానికే ఉంటుంది, తిరిగి బిగించండి. గ్రిల్ ముందు ఎల్ఈడీ బార్లు, బుల్ బార్ ఉంటే తీసెయ్యండి. బుల్ బార్లను 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ చట్టవిరుద్ధమంది. టెక్కలి గ్రానైట్ లారీల వెనక తిరిగే బండ్లలో కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య రాతి పొడి గడ్డకట్టి ఉంటుంది. ముందునుంచి నీళ్లు కొడితే పోదు, రేడియేటర్‌ని కాస్త వెనక్కి దించి మధ్యలో కడగాలి. ఆ ఒక్క పనికే పది డిగ్రీలు తగ్గవచ్చు. ఆ తర్వాత మాన్యువల్ ఒప్పుకునే గ్రేడ్లలో చిక్కటి దానికి, అంటే 5డబ్ల్యూ-30 నుంచి 5డబ్ల్యూ-40కి మారడం. డీపీఎఫ్ ఉన్న బండికి సీ3 తరగతి చూసి కొనాలి. హైవే మీద దంచుకొచ్చి హోటల్ దగ్గర ఆపగానే తాళం తిప్పెయ్యకుండా ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచడం కూడా అలవాటు చేసుకోవాలి. ఇంజిన్ ఆగితే టర్బోలో నిలిచిపోయిన ఆయిల్ మాడి బొగ్గవుతుంది. ఎంత పెద్ద ఆయిల్ కూలరైనా దాన్ని ఆపలేదు, ఎందుకంటే అప్పటికి ఆయిల్ ప్రవాహమే ఆగిపోయింది.

ఇవన్నీ చేశాక కూడా అంకె దిగకపోతే కూలర్ పెట్టించండి, కానీ థర్మోస్టాట్ ఉన్న సాండ్‌విచ్ ప్లేట్‌తోనే. 80 డిగ్రీల దాకా అది ఆయిల్‌ని దాదాపు అంతా ఇంజిన్‌లోనే తిప్పి, ఆ తర్వాత కూలర్‌కి దారి ఇస్తుంది. థర్మోస్టాట్ లేని ప్లేట్ చవగ్గా దొరికినా వద్దు. కూలర్‌ని పైపుల మూతులు పైకి ఉండేలా బిగిస్తే లోపల గాలి చిక్కుకోదు. గాలి ముందునుంచి తగలడమే కాదు, వెనకనుంచి బయటికి పోవడానికీ దారి ఉండాలి. రేడియేటర్‌ని పూర్తిగా మూసేలా పెడితే ఆయిల్ చల్లబడి కూలెంట్ మరుగుతుంది.

పైపుల విషయంలో నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం. గ్రానైట్ క్వారీల్లో ప్రొక్లెయినర్లకి హైడ్రాలిక్ పైపులు నొక్కి ఇచ్చేవాళ్లు తెలిసుంటే, అదే పైపు దీనికీ వేయించుకుందామని అనిపిస్తుంది. వందల బార్ల ఒత్తిడి తట్టుకునే పైపుకి ఇంజిన్‌లోని ఐదారు బార్లు ఒక లెక్కా అనుకుంటాం. అయితే మామూలు హైడ్రాలిక్ పైపుల్లో ఎక్కువ రకాలకు ఉష్ణోగ్రత హద్దు 100 డిగ్రీలే. మన ఆయిల్ 130 దాటింది కాబట్టే కదా ఇదంతా మొదలుపెట్టాం. లోపలి రబ్బరు గట్టిపడి పగులుతుంది. పైపు తెగితే ఇంజిన్‌లోని ఆయిలంతా క్షణాల్లో రోడ్డు మీద పడుతుంది. ఆయిల్ ప్రెషర్ ఎర్ర లైటు వెలగడం చూసి బండి పక్కకి తీసేలోపే ఇంజిన్ పట్టేస్తుంది. వెనక వచ్చే బైకు వాడు ఆ ఆయిల్ మీద జారితే అది ప్రాణం మీదికొస్తుంది. అందుకే ఇంజిన్ ఆయిల్ కోసం తయారైన, 150 డిగ్రీలకి తగ్గని పైపులే కొనండి. స్టీలు అల్లిక ఉన్న పైపు దేనికైనా ఆనుకుంటే ఆకురాయిలా కోసేస్తుంది కాబట్టి ప్రతి వంపు దగ్గరా క్లిప్పు, రబ్బరు తొడుగు వేయించండి. నౌపడ ఉప్పు మడుల పక్కనుంచి, భావనపాడు వైపు రోజూ తిరిగే బండి అయితే అల్యూమినియం రెక్కల మీద తెల్లటి పొడి పేరుకుంటుంది. వారానికోసారి మామూలు ధారతో మంచినీళ్లు పోసి కడగాలి. సర్వీస్ సెంటర్ ప్రెషర్ గన్ రెక్కల్ని వంచేస్తుంది. ఎప్పుడైనా బేరింగు అరిగి ఇంజిన్ దించాల్సి వస్తే పాత కూలర్‌ని మళ్లీ బిగించొద్దు. దాని సన్నటి గదుల్లో ఇరుక్కున్న లోహపు రజను ఎంత కడిగినా పూర్తిగా పోదు, కొత్త ఇంజిన్‌ని అదే తినేస్తుంది.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన దానికి భిన్నంగా మారేలా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. కూలర్ ఒక్కటీ ఆ వివరాల్లో దేన్నీ మార్చదు. దానికి కారణమైన ఇంజిన్ మార్పుల సంగతి వేరు. వారంటీ, ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర వాటి గురించి అడుగుతారు. ఆ కాగితాలు చదివాకే షెడ్డుకి వెళ్లండి.

బిగించిన రోజు కూలర్, పైపులు నిండడానికి పట్టే ఆయిల్ అదనంగా పోసి, ఇంధనం అందకుండా చేసి, ప్రెషర్ గేజ్ కదిలేదాకా సెల్ఫ్ కొట్టించి, ఆ తర్వాతే స్టార్ట్ చేయించండి. పది నిమిషాల తర్వాత ఆపి, డిప్‌స్టిక్ చూసి, ప్రతి జాయింటునీ చేత్తో తడమండి. మొదటి వారంలో రోజూ బండి కింద నేల చూడాలి. తర్వాత ఎండ తగ్గకముందే అదే మధ్యాహ్నం, అదే నలుగురితో, అదే ఇచ్ఛాపురం రోడ్డు. అంతకుముందు 130 దాటినది ఇప్పుడు 105, 110 దగ్గర నిలబడితే పని సరిగ్గా జరిగినట్టు. ఊళ్లో తిరిగేటప్పుడు 80కి చేరడానికి మునుపటికన్నా చాలా ఎక్కువ సమయం పడుతుంటే మాత్రం థర్మోస్టాట్ మూసుకోవడం లేదని అర్థం. అదే రోజు విప్పించి చూడండి.